బీ షిఫ్టు దిగి మెదక్ గుడికి

డిసెంబరు 24, రాత్రి పదిన్నర. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ బండి పక్కన నిలబడి చిన్నోడి కోసం చూస్తున్నాం మనం. పాశమైలారం వైపు నుంచి కంపెనీ బస్సులు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆగుతున్నాయి. బీ షిఫ్టు వాళ్లు దిగుతున్నారు. మంకీ క్యాపులు, మెడకు చుట్టిన తువ్వాళ్లు, చేతుల్లో ఖాళీ టిఫిన్ డబ్బాలు. మాటల్లో తెలుగు తక్కువ, ఒడియా, భోజ్‌పురి, హిందీ ఎక్కువ.

గాలిలో ఒక ఘాటు వాసన. పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం చుట్టుపక్కల బతికేవాళ్లకు అది కొత్తేం కాదు. ఎండాకాలం వేడికి గాలి పైకి లేచి ఎటో పోతుంది. చలికాలం రాత్రి మాత్రం నేల చల్లబడి గాలి కిందనే పేరుకుంటుంది, దానితోపాటు ఈ వాసన కూడా. సంగారెడ్డి జిల్లాలో చలి మామూలుగా ఉండదు. కోహీర్ పేరు ప్రతి శీతాకాలం పేపర్లో కనబడేది జామపండ్లకు కాదు, రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రతలు పడే ఊళ్లలో ఒకటిగా.

చిన్నోడు దిగాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. మందుల కంపెనీలో రియాక్టర్ల దగ్గర పని. "పోదాం పారి, అమ్మ అప్పటిసంది ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంది" అంటూ ముందు నడుస్తున్నాడు.

సందులోకి తిరగ్గానే ఘాటు వాసన మీదికి ఇంకో వాసన వచ్చి కూర్చుంటుంది. కాగిన నూనె, యాలకులు, వేయించిన నువ్వులు. పన్నెండు గదుల లైను అది. ఒక్కో గదికి ఒక్కో భాష. మూడో గది గుమ్మానికి కాగితం నక్షత్రం వేలాడుతోంది, లోపల ఎర్ర బల్బు వెలుగుతోంది. గది బయట, అరుగు మీదే గ్యాసు పొయ్యి పెట్టుకుని చిన్నోడి అమ్మ, మన పెద్దమ్మ, గరిజెలు కాలుస్తోంది. కోస్తావాళ్లు కజ్జికాయలంటారు వీటిని. పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, నువ్వులు, చక్కెర కలిపి పూరీలో పెట్టి, అంచులు మడిచి వేలితో నొక్కుతుంది. చెక్క అచ్చు ఉంది, పక్కనే పడేసి ఉంది. "అచ్చుతోటి చేస్తే అన్నీ ఒక్క తీరుగుంటయ్. బేకరీల కొన్నట్టు" అని ఆమె అభ్యంతరం. గరిజె నోట్లో వేసుకుంటే అంచు దగ్గర కరకర, లోపల పొడి. తాగడానికి నీళ్లు దగ్గర పెట్టుకోకపోతే పొలమారుతుంది.

పక్క గదిలోని ఒడిశా కుర్రాడు పీట వేసుకుని కూర్చుని పూరీలు ఒత్తుతున్నాడు. చిన్నోడి సోపతి. ఒకే కంపెనీ, ఒకే బ్లాకు. రేపు ఉదయం ఆరింటికి అతను ఏ షిఫ్టుకు పోవాలి. ఆ తర్వాత ఇంటికి రాడు. చిన్నోడి బదులు బీ షిఫ్టు కూడా చేసి రాత్రి పదింటికి వస్తాడు. డబుల్ డ్యూటీ. ఈ ఒప్పందం కుదిరింది కాబట్టే రేపు మనం మెదక్ చర్చికి పోగలుగుతున్నాం.

తెలంగాణలో క్రిస్మస్‌కు సర్కారు సెలవు ఒకరోజు కాదు, రెండు రోజులు. 25తో పాటు 26 కూడా. క్యాలెండర్‌లో రెండు గడులూ ఎర్రగానే ఉంటాయి. కాంట్రాక్టు లేబరుకు ఆ ఎరుపు అంటదు. రాకపోతే ఆ రోజు కూలి పోతుంది, అంతే. పైగా రియాక్టర్లో బ్యాచ్ ఎక్కించాక మధ్యలో ఆపడం కుదరదు. వేడి, ఒత్తిడి గంట గంటకూ చూసుకునే మనిషి ఉండాల్సిందే. అందుకని ఇక్కడ పండుగలను సర్కారు కన్నా, కంపెనీ కన్నా ముందు పనివాళ్లే పంచుకుంటారు. రంజాన్‌కు ఎవరు ఎవరి డ్యూటీ చేశారు, దసరాకు ఎవరు ఆగారు, ఛఠ్ పూజకు ఊరికి పోయినవాడు ఇంకా ఎన్ని షిఫ్టులు బాకీ ఉన్నాడు, ఈ లెక్క ఏ రిజిస్టర్లోనూ ఉండదు. అయినా ఎవరూ మరిచిపోరు.

రాత్రి ఒంటిగంటకు చిన్నోడి అక్క, బావ బొల్లారం నుంచి వచ్చారు. ఇద్దరు పిల్లలు చెద్దర్లలో చుట్టుకుని నిద్రలోనే ఉన్నారు. వెంట బావ వాళ్ల అమ్మ. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, మెడలో నల్లపూసలు. అక్కది పెళ్లికి ముందు నుంచీ చర్చికి పోయే ఇల్లు, బావది ఏడుపాయల దుర్గమ్మను కొలిచే ఇల్లు. పెళ్లప్పుడు మాటలు పడ్డారట. ఇప్పుడు ఆ ఇద్దరు వియ్యపురాళ్లూ ఒకరినొకరు "వదినా" అని పిలుచుకుంటూ, ఏటా ఈ రోజు ఒకే బండిలో రెండు చోట్లకూ పోతారు. ముందు మెదక్, తర్వాత ఏడుపాయలు. ఏ క్రమంలో పోవాలన్న దాని మీద మొదటి ఏడాది పంచాయితీ అయిందని బావ నవ్వుతూ చెప్పాడు. క్రిస్మస్ ఆరాధన తెల్లవారక ముందే మొదలవుతుంది కాబట్టి పంచాయితీ గడియారమే తీర్చింది.

మాట్లాడుకున్న తుఫాన్ బండి రెండింటికి వచ్చింది. బగోనలు ఎక్కించడానికే పావుగంట. బగార అన్నం ఒకటి, మటన్ ఒకటి, దాల్చా ఒకటి. మూతలకు గుడ్డ కట్టి, చుట్టూ పాత చీరలు కుక్కి వెనక సీటు కింద దోపారు. గరిజెల డబ్బా మాత్రం పెద్దమ్మ ఒళ్లోనే ఉంది. ఎవరి చేతికీ ఇవ్వదు.

జాతీయ రహదారి 65 మీదికి ఎక్కాం. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే రోడ్డు ఇది. పక్కన వెడల్పు చేసే పనులు, ఎక్కడ చూసినా మట్టి కుప్పలు, అడ్డంగా పెట్టిన డ్రమ్ములు. పాశమైలారం మలుపు దగ్గర బండిలో మాటలు ఆగిపోయాయి. 2025 జూన్ 30న అక్కడి ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. చిన్నోడు అటు చూడలేదు. పెద్దమ్మ ఏదో గొణుక్కుంది, పెదవులు కదలడమే కనబడింది. డ్రైవర్ రేడియో గొంతు తగ్గించి, రుద్రారం దాటాక మళ్లీ పెంచాడు.

కంది దగ్గర ఐఐటీ గోడ పొడవునా దీపాలు. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో చాయ్‌కి దిగితే చలి ఒక్కసారి చెవుల్లోకి దూరింది. అల్లం చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. మనలాంటి బండ్లే ఇంకో నాలుగున్నాయి. ఒక ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి, దాని మీద జంపకానా వేసి పదిహేను మంది కూర్చున్నారు. వాళ్లూ మెదక్‌కే. జహీరాబాద్ అవతలి నుంచి వస్తున్నారట. ఈ చలిలో, కప్పు లేని బండిలో! మనవైపు చూసి చేయి ఊపారు. "హ్యాపీ క్రిస్మస్ అన్నా" అని ఒక పిలగాడు అరిచాడు, వాడి నోట్లోంచి పొగ వచ్చింది.

సంగారెడ్డి ఊరు నిద్రలో ఉంది. ఒకప్పుడు మెదక్ జిల్లా అంటే జిల్లా ఆఫీసులన్నీ ఈ సంగారెడ్డిలోనే ఉండేవి. మెదక్‌వాళ్లు కలెక్టర్ దగ్గరికి రావాలంటే ఇంత దూరం ప్రయాణం. 2016లో జిల్లాలు విడిపోయాక ఎవరి కలెక్టరేట్ వాళ్లకు వచ్చింది. చలికాలం తెల్లవారుజామున ఈ ఒక్క ప్రయాణం మాత్రం తలకిందులుగా సాగుతుంది.

హత్నూర దాటి నర్సాపూర్ అడవిలో పడ్డాం. పగలైతే రోడ్డు పక్కన కోతులు వరుసగా కూర్చుని ఉంటాయి. ఇప్పుడు మంచు తప్ప ఏమీ లేదు. బండి లైటు పది గజాల అవతలికి పోవడం లేదు. డ్రైవర్ కిటికీ దించి తల బయటపెట్టి నడుపుతున్నాడు. ఇక్కడ ఘాటు వాసన లేదు. తడి ఆకుల వాసన, ఎక్కడో కాలుతున్న కట్టెల వాసన. చిన్నోడు కిటికీకి మొహం ఆనించి గట్టిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు. కౌడిపల్లి, కొల్చారం. పిల్లలు లేచారు. "వచ్చిందా?" "ఇంకా రాలె, పండు." మళ్లీ "వచ్చిందా?"

వచ్చింది. ముందు శిఖరం కనబడింది. 175 అడుగుల గంటగోపురం, చుట్టూ రంగు దీపాలు చుట్టి ఉంది. చార్మినార్‌ను మించకుండా కట్టమని నిజాం మనుషులు వచ్చి కొలిచారని ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, చెప్పేవాళ్లు మాత్రం తమ ఇంటి ఎత్తు చెప్పుకున్నంత గర్వంగా చెబుతారు.

బండిని దూరంగానే ఆపేశారు. అక్కడి నుంచి నడక. రోడ్డుకు రెండు పక్కలా దుకాణాలు వెలిశాయి. కొవ్వొత్తులు, గాజులు, బుడగలు, ప్లాస్టిక్ ట్రంపెట్లు. అప్పుడే పొయ్యి రాజేస్తున్న మిర్చి బండ్లు. జనంలో తెల్ల చీరలున్నాయి, నల్ల బురఖాలున్నాయి, అయ్యప్ప మాల వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లూ ఉన్నారు. మెట్ల దగ్గర చెప్పులు విప్పాలి. రాతి మెట్టు మీద వట్టికాలు పెట్టగానే చలి మోకాలి దాకా ఎక్కింది. పెద్దమ్మ ఆగింది. వంగి మెట్టును చేత్తో తాకి, ఆ చేయి కళ్లకద్దుకుంది. వెనకే వస్తున్న వియ్యపురాలు కూడా అదే పని చేసింది.

లోపల ఐదువేల మంది పడతారంటారు. ఇప్పుడు ఇంకొక్కరు కూడా పట్టేట్టు లేదు. రెండు వందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు. ఆ చివర నుంచి ఈ చివర దాకా తలలే. గోడవారగా, ఒక స్తంభం పక్కన మనకు కొంచెం చోటు దొరికింది. కింద రంగురంగుల పలకలు, కాళ్ల కింద మంచుగడ్డలే. తెల్లవారుజామున నాలుగున్నరకు గంట మోగింది. శిలువను పట్టుకుని ఊరేగింపు మధ్యదారి వెంట వచ్చింది. కోయిర్ గొంతెత్తింది. కప్పు చాలా ఎత్తు, అయినా పాట చెదరడం లేదు. పైకి పోయి గుండ్రంగా తిరిగి మెత్తగా కిందికి దిగుతోంది. పక్కనున్న ముసలాయన కీర్తనల పుస్తకం తెరిచాడు గాని అందులోకి చూడడం లేదు. కళ్లు మూసుకునే పాడుతున్నాడు.

నిజంగా మెదక్ గుడిని చూడాలంటే ఈ చీకట్లో పైకి చూడాలి. పగలు వచ్చినవాళ్లంతా మూడు అద్దాల కిటికీల గురించి చెబుతారు. తూర్పున క్రీస్తు జననం, పడమర సిలువ, ఉత్తరాన, బలిపీఠం పైన, ఆరోహణం. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన బొమ్మలు అవి. రంగు గాజు ముక్కలను సీసంతో అతికి చేసినవి. చీకట్లో వాటిలో ఏమీ లేదు. మూడు పెద్ద నల్లటి గుంతలు, అంతే. లోపల ఎన్ని దీపాలు పెట్టినా అవి వెలగవు. బయటి నుంచి ఎండ పడాలి.

పెద్దమ్మ చెవి దగ్గరికి వంగి చెబుతోంది. "మా తాత ఈడ రాళ్లు మోసిండు. దేవుని కోసం రాలె బిడ్డా, బువ్వ కోసం వచ్చిండు. దేవుడు తర్వాత దొరికిండు."

ఈ గుడి గురించి పెద్దమ్మ చెప్పిన ఈ ముక్కలో ఉన్నంత చరిత్ర పుస్తకాల్లో కూడా ఉండదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1895లో సికింద్రాబాద్‌కు వచ్చాడు. తర్వాత మెదక్ చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఈ సీమలో కరువు, రోగాలు. మెతుకుసీమ అని పేరున్న నేలలో మెతుకు కరువైంది. ఊరికే గింజలు పంచే బదులు పాస్నెట్ పని పెట్టాడు. ఇంగ్లండ్‌లోని బోల్టన్ ఊరి ఆర్కిటెక్టులు బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ గీసిన నమూనా. రాయి మోసిన, సున్నం కలిపిన చేతులు మాత్రం చుట్టుపక్కల పల్లెలవి. 1914లో మొదలై పదేళ్లు కట్టారు. 1924 డిసెంబరు 25న తలుపులు తెరిచారు. 2024 క్రిస్మస్‌తో నూరేళ్లు నిండాయి. అంటే ఇది గుడి కాకముందు పదేళ్ల పాటు పనిచోటు. పొద్దున హాజరు, సాయంత్రం కూలి. ఇప్పుడు ఈ నేల మీద కూర్చున్న వాళ్లలో సగం ముఖాలు చూడండి. చిన్నోడు కునికిపాట్లు పడుతున్నాడు. ముందు వరుసలో ఒకతను వేసుకున్న స్వెట్టర్ కింద కంపెనీ యూనిఫాం కాలర్ కనబడుతోంది. నైట్ డ్యూటీ మధ్యలోంచి లేచి వచ్చాడో, ఇటు నుంచి ఇటే పోతాడో!

కరువు పనికి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది మాల, మాదిగలు. ఊరి గుడిలోకి అడుగు పెట్టనివ్వని కాలం అది. తాము ఎత్తిన రాళ్ల గుడిలో వాళ్లు మధ్యదారి గుండా నడిచి ముందు వరుసలో కూర్చున్నారు. దీన్ని మతం మార్చుకోవడం అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లుంటారు. వాళ్లు ఒక్కసారి పెద్దమ్మ పక్కన ఈ నేల మీద కూర్చుంటే బాగుండు.

ప్రసంగం సాగుతోంది. పిల్లలు గరిజెలు అడుగుతున్నారు, అక్క కళ్లు ఉరుముతోంది. ఆరు దాటింది. తూర్పు కిటికీ అంచున బూడిద రంగు. మళ్లీ తల దించుకున్నాం. ఎవరో చిన్న పాప "అమ్మా, సూడు" అంది. తలెత్తాం. నల్లటి గుంతలో నీలం పుట్టింది. ముందు ఒక ముక్క, తర్వాత పక్క ముక్క. ఏడు కావస్తుండగా సూర్యుడు చెట్ల మీదికి వచ్చినట్టున్నాడు, కిటికీ మొత్తం ఒక్కసారిగా రాజుకుంది. తల్లి, బిడ్డ, గొర్రెల కాపరులు. ఎరుపు, నీలం, బంగారు రంగు. మిగిలిన రెండు కిటికీలు ఇంకా మసక మసకగానే ఉన్నాయి. పడమటి సిలువ వెలగాలంటే సాయంత్రం దాకా ఆగాలి. క్రిస్మస్ పొద్దున ముందు వెలిగేది పుట్టుక కిటికీయే.

ఈ తూర్పు కిటికీ గుడితో పాటు వచ్చింది కాదు. ఉత్తరపుది 1927లో, ఇది 1947లో, పడమటిది 1958లో అమర్చారు. మొదటి ఇరవై మూడు క్రిస్మస్‌లు ఈ రంగులు లేకుండానే తెల్లవారాయి. పెద్దమ్మ తాత ఈ వెలుగు చూశాడో లేదో ఆమెకు తెలియదు. అడిగితే "ఏమో" అని, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

బయటికి వచ్చేసరికి ఎండ. ఆ ఎండ ఎంత బాగుందో చెప్పలేం. మెట్ల మీద జనం వీపులు ఎండకు తిప్పి కూర్చున్నారు. వియ్యపురాలు ఆవరణలో కొవ్వొత్తి వెలిగించి, రెండు చేతులూ జోడించి, కొడుక్కి పర్మనెంట్ కావాలని పైకే మొక్కుకుంది. బావ సిగ్గుపడి పక్కకు పోయాడు. పిల్లలకు ట్రంపెట్లు కొనిచ్చాం. అది పొరపాటని బండి ఎక్కిన ఐదు నిమిషాలకే అందరికీ అర్థమైంది.

మెదక్ నుంచి పోతంశెట్టిపల్లి చౌరస్తా, అక్కడి నుంచి ఏడుపాయలు. మంజీర ఇక్కడ ఏడు పాయలుగా చీలి రాళ్ల మధ్య పారుతుంది. జనమేజయుడి సర్పయాగం ఇక్కడే జరిగిందని స్థలపురాణం. వానాకాలం సింగూరు గేట్లు ఎత్తితే వనదుర్గమ్మ గుడి ముందు పాయ పొంగి, గర్భగుడిలోకే నీళ్లు వస్తాయి. ఇప్పుడు నీళ్లు తేటగా, తక్కువగా ఉన్నాయి. పైన 1905లో నిజాం కాలంలో కట్టిన ఘనపూర్ ఆనకట్ట, దాని కింద వరి నాట్లకు దున్నుతున్న మడులు.

వియ్యపురాలు, బావ, పిల్లలు దర్శనానికి పోయారు. అక్క వెంట పోయి గుడి బయట నిలబడింది. పెద్దమ్మ మోదుగ చెట్టు నీడలో చాప పరిచింది. చుట్టూ ఇంకా పది కుటుంబాలు. ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి యాట వాళ్లది. ఒకవైపు డప్పు, ఇంకోవైపు కల్లు ముంతలు. పక్క కుటుంబంవాళ్లు దుర్గమ్మకు కోసిన యాట కూర గిన్నెలో పట్టుకొచ్చారు. పెద్దమ్మ మొక్కు మాంసం ముట్టదు. వాళ్లకు ఆ సంగతి చెప్పలేదు కూడా. నవ్వుతూ గిన్నె అందుకుని, వియ్యపురాలి వాటాగా పక్కన పెట్టి, బదులుగా గరిజెలు పోసి పంపింది. ఇన్నేళ్ల కాపురాల్లో ఈ రెండిళ్లూ నేర్చుకున్న తెలివి ఇది. అడగాల్సిన అవసరం రాకుండా చూసుకోవడం.

ఇక అన్నం. బగోనల మూతలు విప్పగానే ఆవిరి రాలేదు గాని వాసన వచ్చింది. షాజీర, లవంగం, పుదీన. బగార అన్నం చల్లారితే గింజ గింజ విడిపోయి ఇంకా బాగుంటుందని కొందరి వాదం. నేను ఆ కొందరిలో ఒకణ్ని. చిన్నోడు మూడు రాళ్లు పెట్టి, ఎండు పుల్లలు ఏరుకొచ్చి మటన్ బగోన ఎక్కించాడు. ఎండుకొబ్బరి, గసాలు, ధనియాలు వేయించి నూరిన మసాలా. నూనె పైకి తేలేదాకా కాగనిచ్చారు. దాల్చాలో సొరకాయ ముక్కలు శనగపప్పుతో కలిసి మెత్తగా అయిపోయాయి, చింతపండు పులుపు కొంచెం ముందుకొచ్చింది. విస్తరాకుల్లో వడ్డన. దాల్చా ఆకు అంచు దాటి చాప మీదికి పారింది, ఎవరూ పట్టించుకోలేదు. మూలుగు బొక్క కోసం పిల్లల మధ్య యుద్ధం. ట్రంపెట్లు ఆయుధాలయ్యాయి. బావ పచ్చి ఉల్లిగడ్డ చేత్తో పగలగొట్టి పంచాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తిన్నాక చిన్నోడు చాప మీదే పడుకున్నాడు. ముఖం మీద టోపీ. పెద్దమ్మ వాడి పాదాలు ఎండలోకి జరిపింది. నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి వాడు పడుకోలేదు. "పెండ్లి చెయ్యాలె వదినా" అంది వియ్యపురాలు. "ముందు పర్మనెంట్ కానియ్ వదినా" అంది పెద్దమ్మ. ఇద్దరూ తమ తమ దేవుళ్లను అడిగింది ఒకటేనని తేలింది.

మూడింటికి లేచాం. తిరుగు దారి జోగిపేట మీదుగా. 1930లో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మొట్టమొదట జరిగింది ఈ జోగిపేటలోనే, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. ఆ మాట చెబితే బండిలో ఎవరూ వినలేదు, అందరూ నిద్ర. జోగిపేటలో డ్రైవర్ చాయ్‌కి ఆపాడు. రోడ్డు పక్క చెరుకు రసం బండి, జామకాయల బుట్టలు. ఉప్పు కారం జల్లిన జామకాయ కొరుకుతుండగా చిన్నోడి ఫోన్ మోగింది.

ఒడిశా సోపతి. స్పీకర్ పెట్టాడు. వెనక యంత్రాల మోత.

"భాయ్, ఎక్కడున్నవ్?" తెలుగు బాగానే వచ్చింది వాడికి.

"జోగిపేట. ఏమైంది?"

"ఏం కాలె. పొద్దున ఆరింటి నుంచి నిలబడ్డ. కాళ్లు గుంజుతున్నయ్. ఎనిమిదింటికి రాగలవా? లాస్ట్ రెండు గంటలు నువ్ చూస్కో."

చిన్నోడు టైం చూశాడు. నాలుగున్నర. నాందేడ్ హైవే ఎక్కితే సంగారెడ్డి ఎంతో దూరం లేదు, అసలు ఇబ్బంది అక్కడి నుంచి ఇస్నాపూర్ దాకా తవ్విపోసిన రోడ్డు మీదే. "వస్త" అన్నాడు.

"అయితే రథయాత్రకు నాలుగు రోజులు."

"మూడన్నవ్ కదరా!"

"మూడు, నువ్ పండుగ మొత్తం చేస్కుంటవని కాదు, నేను డబుల్ చేస్తనని. ఇప్పుడు లైన్ల నిలబడి నిద్రపోతున్న. నాలుగు."

"నువ్ రెండు గంటలు తగ్గించుకుంటున్నవ్, మళ్ల ఒక రోజు ఎక్కువ అడుగుతున్నవ్. ఇదేం లెక్క?"

"పూరీకి ట్రైన్ల ఎంత టైం పడుతదో నీకెర్కనా? పోను వచ్చుడుకే రెండు రోజులు."

చిన్నోడు పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె జామకాయ నములుతూ నాలుగు వేళ్లు చూపించింది. ఇచ్చెయ్ అని.

"సరే, నాలుగు. గరిజెలు తెస్తున్న."

"గరిజెలు నేనే ఒత్తిన కదా" అన్నాడు వాడు. "కూర ఉంటే తే."